ఏడు దాటితే పూనకమే

ఎడిటర్ గారికి నమస్కారం.

కూకట్‌పల్లిలో మా ఫ్లాట్‌లో మూడు నెలల కుక్కపిల్ల ఉంది, పగలంతా బుద్ధిమంతురాలే, రాత్రి ఏడు దాటిందంటే పూనకం వచ్చినట్టు సోఫా మీంచి బాల్కనీకి, అక్కణ్నించి వంటింట్లోకి పరుగులు, అడ్డొస్తే మా అమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుని వేలాడటం. కిందింటివాళ్లు రెండుసార్లు తలుపు కొట్టారు. "రెండు తగిలించండి, దారికొస్తుంది" అని సలహా కూడా ఇచ్చారు. కొడితే బెదిరిపోతుంది, లేదా ఇంకా గట్టిగా కొరుకుతుంది, అంతే.

ఈ వయసులో కుక్కపిల్లకి రోజుకి 18 నుంచి 20 గంటల నిద్ర కావాలి, టీవీ, చుట్టాలు, పిల్లల గోల మధ్య అదెక్కడ దొరుకుతుంది? నిద్ర చాలని పసిబిడ్డ పేచీ లాంటిదే ఇదీ. అందుకే ఐదింటికే గది చీకటి చేసి పడుకోబెడుతున్నాం. లేచాక ఐదు నిమిషాలు 'కూర్చో', 'ఆగు' నేర్పిస్తాం, మాట వింటే ఉడికించిన చికెన్ ముక్క (ఉప్పు, మసాలా వద్దు, ఉల్లిపాయైతే కుక్కలకి విషమే). పన్ను తగిలితే ఆట బంద్, నోటికి తాడు బొమ్మ. మూడు వారాల్లో కుచ్చిళ్లు బతికాయి, సోఫా మూల మాత్రం పోయింది.

అమ్మేవాళ్లు బెల్టూ గిన్నే అంటగడతారు గానీ ఈ ముక్క చెప్పరు. మీ ఆదివారం పేజీలో ఎవరైనా పశువైద్యుల చేత దీని గురించి రాయించండి.

– ఒక పాఠకురాలు, హైదరాబాద్