బానెట్ మీద చెయ్యేసి ఆపిన మెకానిక్ అన్నకు

బెంజి సర్కిల్ దగ్గర మా పాత అంబాసిడర్ బానెట్ సందుల్లోంచి పొగ, వెనకే మంట. ఎత్తబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపారు మీరు. "మొత్తం తెరిస్తే గాలి తగిలి భగ్గుమంటుంది. ముందు ఇంజన్ ఆపండి, పెట్రోల్ పంపు ఆగుతుంది" అన్నారు. నాలుగు వేళ్ల సందు మాత్రమే ఎత్తి, మీ బండిలోని 2 కిలోల పౌడర్ సిలిండర్‌తో మంట మొదట్లోకి కొట్టారు.

ఆరాక కూడా వెళ్లిపోలేదు. బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీశారు. కార్బురేటర్ దగ్గరి పెట్రోల్ పైపును వేళ్లతో వంచి, సన్నటి బీటలు చూపించారు. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు పాత రబ్బరు తట్టుకోదు. ఇథనాల్‌కు ఆగే పైపు, రెండు కొసలా కొత్త క్లిప్పులు వేయించాం.

వణికిపోతున్న మా అమ్మకు, పౌడరంటిన ఆ చేతులతోనే మంచినీళ్లు అందించారు. సిలిండర్ డబ్బులైనా తీసుకోలేదు. మీకు వేల దండాలన్నా.