డబ్బులు మేమే కడతాం, ఆరోగ్యశ్రీలో చేర్చుకోండి

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి దామోదర్ రాజనర్సింహ గారికి,

నమస్కారం. నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో లెక్కలు రాసే గుమస్తాని. జీతం 22 వేలు. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతుంది, ఆమెకు 9 వేలు. ఎండాకాలం సెలవుల్లో అదీ రాదు. ఏదో ఉచితంగా ఇవ్వమని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. మా దగ్గర డబ్బులు తీసుకోండి అని అడగడానికి రాస్తున్నాను.

2024 జులైలో ఒక రాత్రి మా అమ్మకు గుండెలో నొప్పి వచ్చింది. ఆటోలో తీసుకెళ్లాం. తెల్లారేసరికి యాంజియోగ్రామ్ తీసి, ఒక స్టెంట్ వెయ్యాలన్నారు. అమ్మ పేరు మీద ఒక ప్రైవేటు కంపెనీ పాలసీ మూడేళ్లుగా కడుతున్నాను కాబట్టి ధైర్యంగానే ఉన్నాను. కార్డు పట్టుకుని కింద ఇన్సూరెన్స్ కౌంటర్‌కు వెళ్లాను. ఆ కౌంటర్ పక్కనే ఇంకో బల్ల, దాని వెనక ఆరోగ్యశ్రీ రోగుల పనులు చూసే ఆరోగ్యమిత్ర అమ్మాయి. నాలాగే తల్లిని తీసుకొచ్చిన ఒకాయన ఆ బల్ల ముందు నిలబడ్డాడు. పరకాల దగ్గర పల్లెటూరు. వాళ్లమ్మదీ అదే జబ్బు, వెయ్యాల్సిందీ స్టెంటే. ఆ అమ్మాయి తెల్లకార్డు నంబరు కొట్టింది, పైకెళ్లి మంచం మీదున్న మనిషిని ఫొటో తీసుకొచ్చింది, కాగితాలు అప్‌లోడ్ చేసింది. మధ్యాహ్నానికల్లా వాళ్లకు అప్రూవల్ వచ్చేసింది.

నా కౌంటర్‌లో మాత్రం 'క్వెరీ' వచ్చిందన్నారు. బీపీ ఎప్పటి నుంచి ఉందో డాక్టర్ రాసివ్వాలట. ఇచ్చాం. ఇంకో క్వెరీ. పాత మందుల చీటీలు కావాలట. వాటి కోసం ఇంటికి పరిగెత్తాను. సాయంత్రం ఏడున్నరకు మెసేజ్ వచ్చింది: క్యాష్‌లెస్ కుదరదు, బీపీ ఉన్న సంగతి ప్రపోజల్ ఫారంలో చెప్పలేదు. ఆ ఫారం నింపింది ఏజెంటు. బీపీ సంగతి నేను చెబితే, "అది రాస్తే ప్రీమియం పెరుగుతుంది, వదిలెయ్యండి సార్" అన్నాడు. సంతకం నాదే, తప్పులో నా వాటా ఉందని ఒప్పుకుంటాను. ఆ రాత్రి మా ఆవిడ గాజులు, పుస్తెల తాడు కుదువబెట్టి 2 లక్షల 10 వేలు కట్టాను. ఏడు నెలలు తిరిగి, ఫిర్యాదుల మీద ఫిర్యాదులు పెడితే సగం కంటే కాస్త ఎక్కువ వెనక్కి వచ్చింది. గాజులు విడిపించాం. తాడు ఇంకా అక్కడే ఉంది.

ఆ పక్క బల్ల దగ్గర కూర్చున్నది ఆరోగ్యశ్రీని నడిపే ప్రభుత్వ ట్రస్టు మనిషి. ఆమె ముందు నిలబడే అర్హత నాకు లేదు. ఎందుకంటే తెల్లకార్డుకు పట్టణంలో ఏడాదికి 2 లక్షలు, పల్లెలో లక్షన్నర ఆదాయం దాటకూడదు. 2 లక్షలంటే నెలకు 16 వేల చిల్లర. మా ఇద్దరి జీతాలూ కలిపితే ఏడాదికి మూడున్నర లక్షలు. అంత సంపాదించేవాడికి గుండె ఆపరేషన్ ఒక లెక్కా అని ఆ రూలు రాసినవాళ్లు అనుకున్నట్టుంది. (ఇంటి ముందు కారున్నవాళ్లకూ తెల్లకార్డు ఉన్న సంగతి మా వీధిలో అందరికీ తెలుసు. నేను అది ఎత్తదలచుకోలేదు. వాళ్లది పీకెయ్యడం వల్ల మా అమ్మకు ఒరిగేదేం లేదు.)

గవర్నమెంటు ఉద్యోగి అయితే హెల్త్ కార్డు ఉంటుంది. జీతం 21 వేలు దాటకపోతే ఈఎస్ఐ ఉంటుంది, అదీ యజమాని కడితేనే. 70 దాటిన ప్రతి ఒక్కరికీ ఆయుష్మాన్ కార్డు ఇస్తామని కేంద్రం 2024 అక్టోబరులో మొదలుపెట్టింది. మా అమ్మకు 65. ఇంకో ఐదేళ్లు ఆమెను జాగ్రత్తగా దాచుకోవాలన్నమాట.

నేను అడిగేది ఒక్కటే. తెల్లకార్డు లేని కుటుంబం ఏడాదికింత అని ప్రీమియం కట్టి ఆరోగ్యశ్రీ ట్రస్టులో చేరే వీలు కల్పించండి. ప్రైవేటు పాలసీ కావాలనుకున్నవాళ్లు దాన్నే తీసుకుంటారు, ఎవరినీ ఆపమని అనడం లేదు. ట్రస్టు కూడా ఒక దుకాణం తెరవాలి, అంతే.

ఇది నా బుర్రలో పుట్టిన ఆలోచనేం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2017లోనే 'ఆరోగ్యరక్ష' అని పెట్టారు. తెల్లకార్డు లేనివాళ్లు మనిషికి ఏడాదికి 1,200 రూపాయలు కడితే 2 లక్షల దాకా వైద్యం, నడిపింది ప్రభుత్వ ట్రస్టే. తర్వాత అక్కడ ఆరోగ్యశ్రీ ఆదాయ పరిమితినే 5 లక్షలకు పెంచారు. 2021లో రాజస్థాన్ చిరంజీవి పథకంలో, ఉచితం వర్తించని కుటుంబాలను ఏడాదికి 850 రూపాయలకే చేర్చుకున్నారు. ఇంకా వెనక్కి వెళ్తే కర్ణాటక యశస్విని ఉంది. 2003లో సహకార సంఘాల రైతులు తలా 60 రూపాయలు వేసుకుంటే ప్రభుత్వం కొంత కలిపి ఆపరేషన్లు చేయించింది. 2018లో దాన్ని వేరే పథకంలో కలిపేశారు. రైతులు ఊరుకోకపోవడంతో 2022లో మళ్లీ తెచ్చారు.

ఆరోగ్యశ్రీ పుట్టుకే చూడండి. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైనప్పుడు ప్రైవేటు బీమా కంపెనీ ద్వారానే నడిచింది. మరుసటి ఏడాది కొన్ని జబ్బులను ట్రస్టు నేరుగా తీసుకుంది, ఆ తర్వాత మొత్తం ట్రస్టు చేతికే వచ్చింది. అంటే ప్యాకేజీ రేటు ఎంత, ఏ ఆసుపత్రిని ప్యానెల్‌లో పెట్టాలి, దొంగ బిల్లు ఎలా ఉంటుంది, ఇవన్నీ తెలిసిన యంత్రాంగం మీ దగ్గర తయారుగా ఉంది. మీ హయాంలోనే వైద్యం ఖర్చు పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షలైంది. కొత్త కంపెనీ పెట్టే పనే లేదు.

ప్రభుత్వ బీమా కంపెనీలు నాలుగున్నాయి కదా, వాటిలో తీసుకోవచ్చుగా అని మా సేటు అన్నాడు. ఉన్నాయి. 1970లలో జాతీయం చేసినప్పటి నుంచీ ఉన్నాయి. అవి అమ్మేదీ అదే రకం పాలసీ. అదే ప్రపోజల్ ఫారం, పాత జబ్బులకు అదే మూడేళ్ల వెయిటింగ్, వయసు పెరిగితే పెరిగే అదే ప్రీమియం. ఓనరు ప్రభుత్వమైనంత మాత్రాన మనిషిని చూసే పద్ధతి మారదు. నాకు నచ్చింది ఆ పక్క బల్ల పద్ధతి. మనిషి మంచం మీదున్నాడా, జబ్బు జాబితాలో ఉందా, అంతవరకే. నీకు బీపీ ఎప్పుడొచ్చిందని ఎవరూ అడగరు.

ఇప్పుడు మీ ఆఫీసర్లు చెప్పబోయే అభ్యంతరాలు. జబ్బున్నవాళ్లే ఎగబడి చేరతారు, ట్రస్టు మునుగుతుందంటారు. అది నిజమైన భయమే. రేపు ఆపరేషనంటే ఇవాళ డబ్బు కట్టే వీలుంటే నేనైనా అదే చేస్తాను. అందుకే ఏడాదిలో ఒక్క నెలే చేరికలు పెట్టండి. ఇంట్లో ముసలివాళ్లను మాత్రమే కాదు, అందరినీ కలిపి చేర్చాలని రూలు పెట్టండి. మొదటి మూడు నెలలు యాక్సిడెంట్లు, గుండెపోట్లు తప్ప ప్లాన్ చేసుకునే ఆపరేషన్లు ఉండవనండి. 1,200కో 850కో సరిపోదంటే లెక్కగట్టి సరిపోయే రేటు చెప్పండి. నేను ఇప్పుడు కట్టేదానిలో సగమైనా సంతోషంగా కడతాను.

రెండో అభ్యంతరం ఇంకా పెద్దది, దీని గురించి మొహమాటం లేకుండా మాట్లాడాలి. ట్రస్టు ఆసుపత్రులకు డబ్బులు సమయానికి ఇవ్వడం లేదు. 2025 జనవరిలో ఒకసారి, సెప్టెంబరులో ఇంకోసారి నెట్‌వర్క్ ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపేశాయి. వెయ్యి కోట్లకు పైగా బకాయి అని వాళ్ల సంఘం చెప్పింది. కార్డు చేతిలో ఉండీ "బెడ్లు ఖాళీ లేవు, వారం తర్వాత రండి" అనిపించుకున్నవాళ్లు మా మార్కెట్ హమాలీల్లోనే ముగ్గురున్నారు. అలాంటి వరుసలోకి మమ్మల్ని కూడా నెడితే, డబ్బు కట్టి మరీ తిరస్కారం కొనుక్కున్నట్టవుతుంది.

నేను అడ్తిలో పనిచేసేవాణ్ని. పత్తి రైతుకు కాంటా అయిన రోజే పట్టీ రాసి డబ్బు ఇవ్వకపోతే మరుసటి వారం ఆ బండి పక్క దుకాణం ముందు ఆగుతుంది. ఆసుపత్రైనా అంతే. కాబట్టి మేం కట్టే ప్రీమియం ఖజానాలో కలవకూడదు. దానికి వేరే ఖాతా ఉండాలి, అందులోంచి ఆసుపత్రి బిల్లు తప్ప ఇంకోటి కట్టడానికి వీల్లేదని చట్టంలో రాయాలి. ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎన్ని రోజులకు బిల్లు చెల్లింది, నెలనెలా అందరికీ కనబడేలా పెట్టాలి. వాయిదాల మీద వాయిదాలుగా వచ్చే ప్రభుత్వ డబ్బు కంటే, ముందే జమైన మా డబ్బును చూసే ఆసుపత్రులు ట్రస్టును కాస్త నమ్మొచ్చు.

మా బావమరిది అమెరికాలో సియాటిల్ దగ్గర ఉంటాడు. ఈ సంగతి చెబితే నవ్వాడు. 2009లో ఒబామా తెచ్చిన ఆరోగ్య బిల్లులో ప్రభుత్వమే ఒక బీమా నడపాలన్న ముక్క ఉండేదట. ప్రతినిధుల సభలో నెగ్గింది. సెనేట్‌లో లీబర్‌మన్ అనే సభ్యుడు అడ్డం తిరిగితే దాన్ని పీకేసి, 2010 మార్చిలో మిగతాది చట్టం చేశారు. తర్వాత వాళ్ల వాషింగ్టన్ రాష్ట్రం 2021 నుంచి సొంతంగా అలాంటిదొకటి మొదలుపెడితే, రేట్లు తక్కువని చాలా ఆసుపత్రులు ముఖం చాటేశాయి. చివరికి చేరి తీరాలని ఇంకో చట్టం చెయ్యాల్సి వచ్చింది. అంత డబ్బున్న దేశంలోనూ గొడవ రేటు దగ్గరే. మీరు 2024లో ప్యాకేజీ రేట్లు పెంచారు, మంచిదే. ఏళ్ల తరబడి వదిలేసి ఒక్కసారి పెంచే బదులు, ఏడాదికోసారి సవరించే పద్ధతి పెట్టండి.

ప్రైవేటు కంపెనీలు దెబ్బతింటాయన్న మాట కూడా వస్తుంది. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంటు ధర మీద పరిమితి పెట్టినప్పుడూ ఇలాగే అన్నారు. సగటున లక్షా 20 వేలు దాటే మందు పూత స్టెంటు 30 వేల లోపుకు దిగింది. స్టెంట్లు వేసే క్యాథ్‌ల్యాబులు మూతపడలేదు. మా అమ్మకు వేసిందీ ఆ పరిమితి ధరలోనిదే. లేకపోతే ఆ రాత్రి గాజులు, తాడు సరిపోయేవి కావు.

పెట్టుబడి సాయమో పింఛనో కాదు కాబట్టి ఇందులో ఓట్లు లేవని ఎవరైనా మీకు చెప్పొచ్చు. హనుమకొండలో ట్యూషన్లు చెప్పుకునేవాళ్లు, మెడికల్ షాపుల్లో పనిచేసేవాళ్లు, డీటీపీ సెంటర్లవాళ్లు, లారీ ఆఫీసు గుమస్తాలు ఎంతమంది ఉన్నారో ఒకసారి లెక్క తీయించండి. ముందు మా ఒక్క జిల్లాలో ఏడాది నడిపి చూసినా సరే. ఆరోగ్యశ్రీ కూడా మూడు జిల్లాలతోనే మొదలైంది.

వచ్చే 19న అమ్మ పాలసీ రెన్యువల్. 2024లో జీఎస్టీతో కలిపి 27,400 కట్టాను. 2025 సెప్టెంబరులో ఆ 18 శాతం పన్ను తీసేశారని విని కొంత తగ్గుతుందనుకున్నాను. నోటీసు 38,900కి వచ్చింది. అమ్మేమో కట్టొద్దంటోంది, ఆ డబ్బుతో తాడు విడిపించమంటోంది. నేను పాలసీయే కడతాను. మీ ట్రస్టు తలుపు తెరిచేదాకా నాకున్నది ఆ కౌంటరొక్కటే.

ఇట్లు,
ఎనుమాముల మార్కెట్ గుమస్తా ఒకడు,
వరంగల్