తెర బిగించారు సరే, పిల్లల్ని ముట్టుకోనివ్వండి

సంపాదకులు గారికి నమస్కారం.

బడుల్ని బాగుచేసే నాడు–నేడు పథకం కింద మన ప్రభుత్వ బడుల్లో గోడలకి బిగించిన ఇంటరాక్టివ్ ప్యానెళ్ల గురించి, అంటే వేలితో తాకితే పనిచేసే పెద్ద తెరల గురించి, రెండు ముక్కలు రాయాలనిపించింది. నేను జడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరైనవాణ్ణి, ఇప్పటికీ పెందుర్తి దగ్గర ఒక బడికి అడపాదడపా వెళ్లి క్లాసులో వెనక కూర్చుంటాను కాబట్టి గట్టున కూర్చుని చెప్పే కబుర్లు కావివి. ప్యానెళ్లు మంచివే. కానీ నేను చూసినంతలో వాటిని పెద్ద టీవీలుగానే వాడుతున్నారు. మాస్టారు వీడియో పెడతారు, పిల్లలు చేతులు కట్టుకుని చూస్తారు, బెల్లు కొడతారు. నల్లబల్ల ముందు నిద్రపోయే పిల్లాడు రంగుల బొమ్మ ముందు ఐదు నిమిషాలు ఆలస్యంగా నిద్రపోతాడు, అంతే తేడా!

అదే బడిలో ఒక పీరియడ్ వేరేలా జరిగింది. అమెరికాలో కొలరాడో యూనివర్సిటీ వాళ్ల ఫెట్ అనే సైట్ ఉంది, నోబెల్ వచ్చిన భౌతికశాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టినది, పైసా కట్టక్కర్లేదు, ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది. అందులో బ్యాటరీ, బల్బులు, వైర్లు వేలితో లాగి సర్క్యూట్ కట్టొచ్చు. టీచరమ్మ రెండు బల్బులు శ్రేణిలో, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా కలిపి, మూడోది కూడా కలిపితే వెలుగు పెరుగుతుందా తగ్గుతుందా అని అడిగి, ముందు అందరిచేతా చేతులెత్తించారు. క్లాసు రెండుగా చీలింది. అప్పుడు ఒక అమ్మాయిని పిలిచి వైరు కలపమన్నారు. వెలుగు తగ్గేసరికి పెరుగుతుందన్న బ్యాచ్ ఊరుకుంటుందా, ఇంకో బ్యాటరీ పెట్టండి టీచర్, సమాంతరంగా కలిపి చూడండి టీచర్ అని ఒకటే గోల. వెనక బెంచీవాళ్లు లేచి నిలబడ్డారు. ముందు ప్రశ్న వేసి, తర్వాత తెరని వాళ్లకి వదిలేశారు, ఆవిడ చేసిందల్లా అదే.

పిల్లలకి ఫోన్లు లేవు కదా, క్విజ్ ఎలా పెడతాం అంటారు కొందరు. ప్లికర్స్ అనే యాప్ చూడమనండి. ఒక్కొక్కరికీ ఒక్కో గుర్తున్న కాగితం కార్డు ఇస్తారు, ఏ, బీ, సీ, డీల్లో ఏది జవాబు అనుకుంటే ఆ వైపు పైకి వచ్చేలా పట్టుకోవాలి, టీచరు తన ఫోన్ కెమెరాని క్లాసు మీదుగా తిప్పితే ఎవరేమన్నారో వచ్చేస్తుంది. పక్కవాళ్లు నవ్వుతారని చెయ్యెత్తని పిల్లలకి ఇది భలే ధైర్యం.

2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబ్‌లు కూడా పంచారు. ఏ ప్రభుత్వం గొప్పదనే గొడవలోకి నేను వెళ్లను. వస్తువు ఇచ్చేస్తే చదువు వచ్చేస్తుందనుకోవడంతోనే నాకు పేచీ. బడుల్లో టెక్నాలజీ వల్ల అదనంగా ఒరిగేదెంత అన్నదానికి గట్టి ఆధారాలు తక్కువేనని యునెస్కో కూడా 2023 నివేదికలో చెప్పింది.

ఇక మన ఊరి సంగతి. గూగుల్ 1500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ పెడతామని 2025 అక్టోబరులో ప్రకటించింది ఈ విశాఖలోనే. నేను వెళ్లే బడిలో మాత్రం నెట్ ఆగిందంటే టీచర్లు సొంత ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుంటున్నారు, ఆ డేటా ఖర్చు వాళ్లదే. టచ్ పనిచేయకపోతే ఎవరికి ఫోన్ చేయాలో హెచ్ఎం గారికే తెలీదు. ప్యానెల్ కొన్నప్పుడే నెట్‌కీ రిపేరుకీ ఏటా ఇంత అని పక్కన పెట్టి ఉండాల్సింది, ఇప్పటికైనా పెట్టండి. ట్రైనింగ్ అంటే హాల్లో కూర్చోబెట్టి పీపీటీ చూపించి పంపేయడం కాదు, చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగుల్లో ఒక్కో టీచరు తన పాఠాన్ని తోటి టీచర్ల ముందు ప్యానెల్ మీద చేసి చూపించాలి.

అధికారులకి ఒక మనవి. తనిఖీకి వెళ్లినప్పుడు ప్యానెల్ ఆన్ అవుతోందా అని హెచ్ఎం గారిని అడగడంతో సరిపెట్టకండి. ఈ వారం మీలో ఎంతమంది లేచొచ్చి దాని మీద ఏదైనా చేశారు అని పిల్లల్నే అడగండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
పెందుర్తి, విశాఖపట్నం