అగ్గి తెగులు: మందు ముందే ఎందుకు?

సభ్యులకు నమస్కారం. వరిలో అగ్గి తెగులుకు మందు ముందే ఎందుకు కొట్టాలన్నది మన గుంటూరు వైపు సాంబ మసూరి వేసే రైతులు తరచుగా అడిగే ప్రశ్న కాబట్టి వివరంగా రాస్తున్నాను. అగ్గి తెగులు శిలీంధ్రపు సిద్ధబీజం ఆకుపై మొలకెత్తి గట్టి ఉపరితలాన్ని గుర్తించాక, పీఎంకే1 అనే కైనేజ్ (ఒక రకం ఎంజైమ్) ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేటును తగిలించి, మొలక కొసన అప్రెసోరియం అనే గుమ్మటం కట్టిస్తుంది. మెలనిన్ అనే నల్లని రంగుపదార్థం పూసిన ఆ గోడల లోపల గ్లిజరాల్ పేరుకుని, సుమారు 8 మెగాపాస్కల్ ఒత్తిడి, అంటే కారు టైరులో ఉండే దానికి ముప్పై రెట్లకు పైగా, పుట్టి ఆకు పైపొరను ఛేదిస్తుంది. పీఎంకే1 జన్యువు తీసేసిన శిలీంధ్రాన్ని గాయం చేసిన ఆకుపై, అంటే పైపొరను ఛేదించే పని లేని చోట, పెట్టినా తెగులు రాదు, నా దృష్టిలో అసలు విశేషం ఇదే. లోపల కణం నుంచి కణానికి పాకడానికీ అదే కైనేజ్ కావాలని 2018లో తేలింది. మనం వాడే ట్రైసైక్లజోల్ మందు మెలనిన్ తయారీని ఆపి శిలీంధ్రం లోపలికి దూరకుండా చేస్తుందే గాని, ఇప్పటికే లోపలికి దూరిన శిలీంధ్రాన్ని చంపదు; అందుకే మందు ముందే కొట్టాలి.