పతకాలకు స్టేటస్‌లు సరే, లేడీ కోచ్ ఏదండీ?
ఎడిటర్ గారికి,
మా ఉత్తర చెన్నై ఆటో డ్రైవర్ కూతురు కాజిమా 2024లో అమెరికాలో క్యారమ్ వరల్డ్ కప్ ఆడి మూడు గోల్డ్‌లు కొట్టింది, సెక్యూరిటీ గార్డ్ కూతురు మన వైజాగ్ జ్యోతి యర్రాజీ హాంగ్‌జౌ ఆసియా క్రీడల హర్డిల్స్‌లో సిల్వర్ తెచ్చింది, అందరం స్టేటస్‌లు పెట్టేశాం. కానీ ఇదే ఉత్తర చెన్నైలో కొరుక్కుపేట, వ్యాసర్‌పాడి వైపు మన తెలుగోళ్ల ఇళ్లల్లో పిల్ల పెద్దమనిషి అయితే చాలు ఆట మానిపించేస్తారు, ఎందుకంటే గ్రౌండ్‌లో బాత్రూమ్ ఉండదు, లేడీ కోచ్ ఉండదు, చీకటి పడితే అమ్మకి భయం (ఆ భయం తప్పని నేననను). ఇక ఆడవాళ్లకి స్కిల్ ట్రైనింగ్ అంటే పొద్దున పదికి కుట్టు మిషన్ క్లాసు, ఆ టైంకి వాళ్లు నాలుగిళ్లల్లో గిన్నెలు తోముతుంటారు, ఎవరొస్తారు! ఉగాదికి శాలువాలు కప్పే మన తెలుగు సంఘాలు ఓ లేడీ కోచ్‌కి జీతమిచ్చి, సాయంత్రం ఆడవాళ్లకి ఏసీ మెకానిక్ బ్యాచ్ ఒకటి పెట్టొచ్చు కదా, శాలువాలు నాలుగు తగ్గితే ఎవరికీ చలి వేయదు, ఇది చెన్నై.
ఓ పాఠకురాలు, చెన్నై