పెళ్లి మండపానికి ‘కన్వెన్షన్’ బోర్డు పెడితే చాలదు

సంపాదకుల వారికి,

హైదరాబాద్‌లోని ఒక కంపెనీలో వార్షిక సభలకు, డీలర్ల సమావేశాలకు వేదికలు కుదిర్చే పని నేను పదిహేనేళ్లుగా చేస్తున్నాను. నగరం చుట్టూ వెలుస్తున్న ‘ఆధునిక కన్వెన్షన్ సెంటర్ల’ గురించి నా అనుభవంలో తేలిన ఒకటి రెండు సంగతులు మీ పాఠకులతో పంచుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

2006లో మాదాపూర్ దగ్గర హెచ్‌ఐసీసీ (హైదరాబాద్ అంతర్జాతీయ కన్వెన్షన్ సెంటర్) మొదలయ్యాక, నడుమ ఒక్క స్తంభమైనా లేని పెద్ద హాలు ఎలా ఉంటుందో మనవాళ్లకు తెలిసింది. 2010లో ప్రపంచ గణితవేత్తల మహాసభ, 2012లో జీవవైవిధ్య సదస్సు అక్కడే జరిగాయి. ఆ తర్వాత నిన్నటిదాకా ఫంక్షన్ హాలు అనిపించుకున్న ప్రతిదీ కన్వెన్షన్ అయి కూర్చుంది. పేరు మారినా, చాలాచోట్ల భవనం మాత్రం పెళ్లిని దృష్టిలో పెట్టుకుని కట్టిందే.

పెళ్లికి వచ్చినవారు అక్షింతలు వేసి, ఫొటో దిగి, భోంచేసి వెళ్లిపోతారు. ఎవరూ నాలుగు గంటలు ఒకే కుర్చీలో కూర్చుని వేదిక మీది మాట వినరు. అందుకే అక్కడ షాండ్లియర్లు, పాలరాతి నేల, అద్దాల గోడలు శోభనిస్తాయి. అదే హాలులో అమ్మకాల లెక్కలు వివరించబోతే మాట ఆ రాతికీ అద్దానికీ తగిలి ప్రతిధ్వనించి, వెనక వరుసకు చేరేసరికి ముద్దయిపోతుంది. పట్టపగలు అద్దాల్లోంచి వెలుతురు పడి తెర మీది అంకెలు కనబడవు. స్పీకర్లు పెంచితే హోరు పెరుగుతుందే తప్ప మాట స్పష్టం కాదు.

కిందటేడు ఔటర్ రింగ్ రోడ్డుకు దగ్గరలో అలాంటి హాలు ఒకటి తీసుకున్నాం. పేరు అనవసరం. ఒకే హాలును మడత గోడతో రెండు చేసి, అవతలి సగాన్ని సంగీత్ వేడుకకు ఇచ్చారన్న సంగతి మాకు చివరిదాకా చెప్పలేదు. మా ఆర్థిక విభాగాధిపతి నష్టాల కారణాలు వివరిస్తుండగా అవతల తీన్‌మార్ మొదలైంది. మా డీలర్లలో కొందరు కాళ్లతో తాళం వేశారు కూడా, వారిని తప్పుపట్టలేను.

అప్పటినుంచి నేను ఏ హాలునూ ఖాళీగా ఉన్నప్పుడు చూసి ఖాయం చేయడం లేదు. మా సభ ఏ వారం, ఏ వేళకో అదే వారం, అదే వేళకు ఆఫీసు నుంచి బయల్దేరి వెళ్తాను. గచ్చిబౌలి ట్రాఫిక్‌లో ఎంతసేపు పట్టిందో అప్పుడే తెలుస్తుంది. ఒకరిని మైకు దగ్గర నిలబెట్టి, నేను చివరి వరుసలో కూర్చుని వింటాను. కరెంటు ఆపించి, జనరేటర్ అందుకునేలోగా తెర, మైకు ఎంతసేపు ఆగిపోతాయో చూస్తాను. అత్యవసర ద్వారాలను నా చేత్తో తెరుస్తాను. వాటికి అడ్డంగా బఫే కౌంటర్లు పేర్చిన చోట్లు తక్కువేమీ కాదు. చక్రాల కుర్చీలో వచ్చే ఉద్యోగి హాలులోకే కాదు, అవార్డు అందుకోవడానికి వేదిక మీదికీ వెళ్లగలగాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రజలు వాడే ప్రైవేటు భవనాలకూ వర్తిస్తుందని చెబితే ఆశ్చర్యపోయిన మేనేజర్లను చూశాను.

ఖర్చు విషయంలో బేరం సంగతి అందరికీ తెలిసిందే: ముహూర్తాలు లేని ఆషాఢంలో యజమానులే దిగివస్తారు. పన్ను సంగతే చాలామందికి తెలియదు. అద్దె మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. అయితే వేదిక ఏ రాష్ట్రంలో ఉంటే పన్ను ఆ రాష్ట్రానికి చెందుతుంది కాబట్టి, ఆంధ్రప్రదేశ్‌లో మాత్రమే రిజిస్ట్రేషన్ ఉన్న విజయవాడ కంపెనీ హైదరాబాద్‌లో సభ పెడితే ఆ మొత్తాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తాను కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకుని, రాబట్టుకోలేదు. రెండు కొటేషన్లను పోల్చేటప్పుడు ఈ తేడాను కలుపుకోవాలి.

హాళ్ల యజమానులకు నా విన్నపం ఒక్కటే. ‘వెయ్యి మంది సామర్థ్యం’ అని మీరు రాసేది వస్తూ పోతూ ఉండే పెళ్లి జనం లెక్క. వేదికకు ఎదురుగా, తెర కనబడేలా, ద్వారాలకు అడ్డం రాకుండా కుర్చీలు వేస్తే ఎంతమంది పడతారో ఆ అంకెను కూడా ధరల పట్టికలో అచ్చు వేయించండి. మడత గోడ ఉంటే, అవతల ఆ రోజు ఏముందో బయానా తీసుకునే ముందే చెప్పండి.

భవదీయుడు,
ఒక పాఠకుడు, మియాపూర్