తల్లులను అడిగే ప్రశ్నలు తల్లుల తెలుగులో ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

పర్లాకిమిడిలో మా వీధికి దగ్గరలో ఉన్న చిన్నపిల్లల బడికి పోయిన నెల ఒక కాగితం వచ్చింది. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు సరిగా తింటున్నారో లేదో తల్లులను అడిగి తెలుసుకునే ప్రశ్నల పత్రం అది. ఇంగ్లిషు నుంచి తెలుగులోకి మార్చి తెచ్చారు. ఆ బడికి వచ్చే పిల్లల ఇళ్లలో ఎక్కువగా తెలుగే మాట్లాడతారు కాబట్టి ఆలోచన మంచిదే. బడిలో పిల్లలను చూసుకునే దిదికి (టీచరును ఇక్కడ అలా పిలుస్తారు) తెలుగు మాట్లాడడం వచ్చు గాని చదవడం రాదు. అందుకని ముప్ఫై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పిన నన్ను చదివి వినిపించమని పిలిచారు. ఆ మధ్యాహ్నం చూసిన దాని గురించే ఈ ఉత్తరం.

రెండో ప్రశ్న ఇది: "మీ బిడ్డ రోజుకు ఎన్నిసార్లు ధాన్య ఉత్పత్తులను స్వీకరిస్తాడు?" ఎదురుగా కూర్చున్న అమ్మాయి కాసేపు ఆలోచించి, "మాకు ధాన్యం ఎక్కడిది టీచరమ్మా, పొలం లేదు కదా" అంది. ఆమె ఒళ్లో ఉన్న పిల్లవాడి గడ్డానికి చద్దన్నం మెతుకు ఇంకా అంటుకునే ఉంది. కాగితం పక్కన పెట్టి, "అన్నం ఎన్నిసార్లు తింటాడమ్మా?" అని అడిగాను. మూడు పూటలా అన్నమేనట. పొద్దున చద్దన్నం, ఎండాకాలంలో చోడి (రాగి) అంబలి కూడా పోస్తుందట. ఆ కాగితాన్నే నమ్మితే ఈ పిల్లవాడు గింజ ముట్టనివాడి కింద లెక్క.

పిల్లవాడు రోజంతా ఏదో ఒకటి తాగుతూ ఉండడం వల్ల అన్నం వేళకు ఆకలి లేకుండా పోతోందా అని ఇంకో ప్రశ్న. అడిగినవారి మనసులో ఉన్నవి పళ్లరసాలు, తీపి పానీయాలు. ఇక్కడి తల్లికి మాత్రం ముందు తట్టేది చనుబాలు. మూడేళ్లు నిండినా పాలు మాన్పించలేదని తప్పు పడుతున్నామనుకుని ఒకామె తల దించుకుంది. ఆమె పిల్లే పొద్దున, సాయంత్రం బిస్కెట్టు ముంచుకుని గ్లాసు టీ తాగుతుంది. అసలు తెలుసుకోవలసిన ఆ సంగతి ఏ గడిలోకీ ఎక్కలేదు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది డబ్బు గురించిన ప్రశ్న. ధరలు ఎక్కువై, పిల్లకు పెట్టాలనుకున్నది కొనలేకపోతున్నారా అని అడగాలి. చుట్టూ పదిమంది తల్లులు, గుమ్మంలో అత్తగారు. "అలాంటిదేమీ లేదండీ" అని అందరూ ఒకే జవాబు చెప్పారు. వాళ్లలో ఇద్దరు వారం రోజులుగా కిరాణా కొట్టులో అప్పు మీద పప్పు తెచ్చుకుంటున్నారని నాకు తెలుసు. నలుగురిలో అడిగితే ఏ తల్లి నోరు విప్పుతుంది?

ఇలాంటి పత్రాలు పనికిమాలినవని నేను అనడం లేదు. తూకం తగ్గి, జబ్బ కొలత 11.5 సెంటీమీటర్లకు దిగువకు పడేసరికి పిల్ల అప్పటికే బాగా చిక్కిపోయి ఉంటుంది. అంతదాకా రాకముందే తినే తీరు చూసి పసిగట్టడానికే ఈ ప్రశ్నలు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒడిశాలో ఐదేళ్లలోపు పిల్లల్లో 31 శాతం మంది వయసుకు తగిన ఎత్తు ఎదగలేదు. ముందుగా పసిగట్టే సాధనం మనకే ఎక్కువ అవసరం.

అయితే ఆ సాధనం పనిచేయాలంటే దాన్ని తయారుచేసినవాళ్లు పడ్డ శ్రమలో కొంతైనా మనమూ పడాలి. ఈ కోవలో పేరున్న న్యూట్రిస్టెప్ అనే ప్రశ్నల పత్రాన్ని కెనడాలో రూపొందించారు. అందులో 17 ప్రశ్నలుంటాయి, జవాబులకు మార్కులు కలిపితే ఎంత ఎక్కువ వస్తే అంత ప్రమాదమని లెక్క. ఆ మార్కులను, పోషకాహార నిపుణులు పిల్లలను స్వయంగా పరిశీలించి వేసిన అంచనాతో సరిచూశాకే వాడకంలోకి తెచ్చారు. అక్కడ స్థిరపడిన కుటుంబాల కోసం తమిళం, పంజాబీల్లోకి కూడా మార్చారు. అక్కడి పిల్లల తిండిని బట్టి గీసిన ప్రమాద గీతను, పఖాళ (నీళ్లు పోసి నానబెట్టిన అన్నం), అంబలి, ఎండుచేపలు తినే మన పిల్లలకు మళ్లీ సరిచూడకుండా అంటగట్టడం అన్యాయం.

అనువాదం సరిగానే ఉందని, దాన్ని తిరిగి ఇంగ్లిషులోకి మార్పించి మూలంతో పోల్చి చూశామని ఆ కాగితం తెచ్చిన యువకుడు చెప్పాడు. అబద్ధం కాదు. "ధాన్య ఉత్పత్తులు" అన్న మాట ఇంగ్లిషులోకి చక్కగా తిరిగి వెళ్తుంది. ఇద్దరు చదువుకున్నవాళ్ల మధ్య అటూ ఇటూ తిరిగిన మాట చెక్కుచెదరదు. తల్లి దగ్గరకు వచ్చేసరికే అది తప్పిపోతుంది. అందుకే ప్రతి ప్రశ్న చదివాక "నీకు ఏమని అర్థమైంది, నీ మాటల్లో చెప్పు తల్లీ" అని కొందరినైనా అడగాలి. "అరుదుగా" అని రాసిన చోట "ఎప్పుడో ఒకసారి" అని, "మాంసకృత్తులు" అన్న చోట పప్పు, గుడ్డు, చేప అని పేరుపేరునా రాయాలి. చోడి అంటే ఇక్కడ తెలుస్తుంది, ఇంకో చోట రాగి అనాలి, ఒడియా ఇరుగుపొరుగు మధ్య పెరిగిన కోడలికి మాండియా అంటేనే తెలుస్తుంది. గోపాలపురం తీరంలో చేపలు పట్టే తెలుగువాళ్లను, జయపురం తెలుగువాళ్లను కూడా కూర్చోబెట్టి అడిగితే ఇంకెన్ని మాటలు వస్తాయో.

సరిహద్దు జిల్లాల విషయంలో మరొకటి మరిచిపోకూడదు. ఈ తల్లుల్లో చాలామంది ఒడియా బడుల్లో చదివారు. మాట్లాడేది తెలుగు, చదవగలిగేది ఒడియా. అచ్చు తెలుగు కాగితం చేతిలో పెడితే తిరగేసి పట్టుకున్నవాళ్లను చూశాను. వాళ్లకు తెలుగు మాటలనే ఒడియా లిపిలో రాసి ఇవ్వాలి. లేదా ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి చదివి వినిపించాలి. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. సవరల భాషను ఆయన సవరల దగ్గరే కూర్చుని నేర్చుకున్నారు. అదే ఊళ్లో తల్లులకు అందని తెలుగు తెచ్చి పెట్టడం చూస్తే కడుపు తరుక్కుపోతోంది.

నింపిన ఆ కాగితాలను దయచేసి లెక్కలోకి తీసుకోవద్దని, మా వీధి పిల్లలకు వాటిని బట్టి ప్రమాదం ఉందనీ లేదనీ తేల్చవద్దని సంబంధిత అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ప్రశ్నలు తిరగరాయడానికి కూర్చుంటామంటే నేనూ, మరో ఎనిమిది మంది తల్లులూ సిద్ధంగా ఉన్నాం. మధ్యాహ్నం రెండు దాటాక అయితే అందరికీ వీలవుతుంది.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా